మూతల మావయ్య భయపడని ఒక్క రోజు

మూతల మావయ్యకు భయం ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఉద్యోగం దొరికాక ఆ భయానికి జీతం రావడం మొదలైంది, అంతే తేడా. నేల తుడిచే లిక్విడ్లు, గిన్నెలు తోమే లిక్విడ్లు తయారుచేసే కంపెనీలో సీసాలకు మూతలు రూపొందించడం ఆయన పని. మూత అంటే మాటలా? పెద్దవాళ్ళు తీయగలగాలి, పిల్లలు తీయలేకపోవాలి, సంచిలో తలకిందులైనా చుక్క కారకూడదు. ధైర్యవంతుడికి ఇచ్చే పని కాదది. "ఎవరైనా పొరపాటున తాగేస్తే?" అని కూర్చున్నా నిలుచున్నా బెంగపడే మనిషి కావాలి. అలాంటి మనిషి కంపెనీకి వెతక్కుండానే దొరికాడు.

గట్టిగా నొక్కి, నొక్కి ఉంచే తిప్పితే తప్ప రాని మూత ఆయన సృష్టే. దాని మీద ఫిర్యాదులకు కొదవ లేదు. ఒకసారి కంపెనీ పెద్ద మేడమే ఆయన్ని గదికి పిలిపించి, "ఏవండీ మావయ్యగారూ, మా అమ్మ మీ మూతతో రోజూ కుస్తీ పడుతోంది. ఆవిడకి చూపు సరిగా లేదు, వేళ్ళలో పట్టు లేదు. కాస్త వదులు చెయ్యకూడదూ?" అంది. ఆయన అలాగేనని తలూపి, బయటికొచ్చి, వదులు చేయలేదు. మేడమ్‌ను చూస్తే భయమే. వదులు మూతను తలుచుకుంటే ఇంకా భయం.

ఇంట్లో సంగతి వేరే చెప్పాలా? తాళం వేశాక లాగి చూడటానికి వీధి మలుపు నుంచి వెనక్కి వస్తాడు. గ్యాస్ కట్టేశానని భార్య ఒట్టు పెట్టినా నమ్మడు. ఏది తాగబోయినా ముందు వెలుతురుకు ఎత్తి చూస్తాడు, తర్వాత వాసన చూస్తాడు, ఆ తర్వాతే నోటిదాకా తెస్తాడు. పెళ్ళైన కొత్తలో తను ఇచ్చిన టీని అలా వాసన చూశాడని ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. "మా ఇంట్లో దొంగలు పడరమ్మా. వాళ్ళకంటే ముందు మా ఆయన లేచి కూర్చుంటాడు" అని చుట్టాలను నవ్విస్తుంది. ఆయనా నవ్వుతాడు, నవ్వుతూనే పెరటి తలుపు గడియ మీద ఓ కన్నేసి ఉంచుతాడు.

అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క రోజు భయపడకుండా ఉన్నాడు. ఈ తంటా అంతా ఆ రోజు తెచ్చిపెట్టిందే.

జరిగిందేమిటంటే, కంపెనీవాళ్ళు ప్లాస్టిక్ తగ్గిస్తామని గొప్పగా చెప్పుకున్నారు. ఇకనుంచి లిక్విడ్‌ను సీసాల్లో కాకుండా పల్చటి ప్యాకెట్లలో అమ్ముతారట. కొన్నవాళ్ళు ఇంట్లో ఉన్న పాత సీసాలోనే పోసుకుంటారట. ఈ మాట వినగానే మావయ్య గుండెల్లో రాయి పడింది. కొత్త సీసా లేకపోతే కొత్త మూత ఉండదు. మూత లేకపోతే మావయ్య ఎందుకు? ఈ వయసులో ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కి, "నాకు మూతలు తెలుసు" అని చెప్పుకోవాలా? ఆ ఊహకే ఆయనకు అన్నం సయించడం మానేసింది.

ఇంతలో మేడమ్ ఆయన్ని డిజైన్ థింకింగ్ చదువుకు పంపింది. వదులుకోవడం ఇష్టంలేక పంపిందో, వదిలించుకునే ముందు మర్యాదకు పంపిందో ఆయనకు అంతుబట్టలేదు. సెలవు రోజుల్లో, ఓ బట్టల కొట్టు పైన అద్దెకు తీసుకున్న హాల్లో క్లాసులు. గోడల నిండా అంటించిన రంగురంగుల చీటీలు. చుట్టూ తన కూతురి ఈడు పిల్లలు. పాఠం చెప్పే పంతులమ్మ కూడా ఆ ఈడుదే. ఆవిడ లోపలికి రాగానే మావయ్య అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. క్లాసంతా గొల్లుమంది. కూర్చోవాలో నిలబడాలో తెలియక సగం వంగి ఉండిపోయాడు పాపం.

"డిజైన్ థింకింగ్ అంటే వస్తువు గురించి ఆలోచించడం కాదు, దాన్ని వాడే మనిషి గురించి ఆలోచించడం" అంది పంతులమ్మ. "కాబట్టి మొదటి మెట్టు చూడటం. వాళ్ళింటికెళ్ళి ఓ మూల కూర్చోండి. వాళ్ళు చెప్పేది కాదు, చేసేది చూడండి. అప్పుడే అసలు సమస్యేంటో తెలుస్తుంది. ఆలోచనలు, నమూనాలు, పరీక్షలు అన్నీ దాని తర్వాతే."

మావయ్యకు ఈ మాట ప్రాణానికి హాయిగా అనిపించింది. చూసి గానీ అడుగు వేయకూడదంటున్నారు. ఆయన పుట్టినప్పటినుంచీ చేస్తున్నది అదే కదా.

కానీ కంపెనీ నుంచి ఆయనతోపాటు వచ్చిన కుర్ర టీమ్ లీడర్ ఒకడున్నాడు. ఆఫీసులో వాడి పేరు తొందర. లిఫ్ట్ రాకముందే మెట్లు దిగేసి, కింద లిఫ్ట్ కోసం ఎదురుచూసే రకం. వాడు లేచి, "మేడమ్, మాకు టైమ్ లేదు. ప్యాకెట్ బజారుకెళ్ళే తేదీ ఖరారైపోయింది. ముందు ఆలోచనలు కానిచ్చేద్దాం, ఇళ్ళకి తర్వాత వెళ్దాం" అన్నాడు. పంతులమ్మ మొహం చిట్లించింది. అయినా, కంపెనీ పంపిన జట్టు కదా అని సరేనంది. "వాయిదా వేస్తున్నాం అంతే. మానేస్తే ఊరుకోను" అని మాత్రం గట్టిగా చెప్పింది.

ఆ రోజు ఆవిడ అందరికీ చీటీలు పంచి ఒక మాట అంది. "ఇక్కడ తప్పు ఆలోచన అంటూ ఉండదు. భయాన్ని గుమ్మం బయట వదిలేసి రాయండి."

మనవాడు ఆ మాటను అక్షరాలా పాటించాడు. ఎలా పాటించాడో ఆయనకే తెలియదు. పెన్ను దానంతటదే నడిచినట్టు చీటీ మీద రాశాడు: "నేల తుడిచే లిక్విడ్‌కి రంగు దేనికి? చివరికి కాలవలో కలవడానికే. వాసన దేనికి? నురగ దేనికి? దాన్ని కడగడానికి ఇంకో బకెట్ నీళ్ళు. మూడూ తీసేస్తే?"

పంతులమ్మ దాన్ని పైకి చదివింది. తర్వాత చప్పట్లు. తొందర ఆ చీటీని పీకి గోడకు నట్టనడుమ అంటించాడు. పంతులమ్మ కూడా, "మావయ్యగారూ, ఇది కదా కావాల్సింది" అంది. నీళ్ళు ఆదా, రంగుల ఖర్చు ఆదా, కాలవల్లోకి చెత్త తక్కువ. కంపెనీలో మేడమ్ ఎగిరి గంతేసినంత పనిచేసింది. నోటీసు బోర్డులో మావయ్య ఫొటో పెట్టారు. ఆ సాయంత్రం భార్యతో బయటికెళ్తూ ఆయన తాళం వేసి, లాగి చూడకుండానే నడిచాడు. ఆవిడ మలుపు దాకా ఆగి, "ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

లిక్విడ్ తయారైంది. ప్యాకెట్లూ తయారయ్యాయి. ఇళ్ళలో వాడి చూడమని ఆఫీసులో అందరికీ తలా ఒకటి ఇచ్చారు. మేడమ్ కూడా ఒకటి పట్టుకెళ్ళింది. మావయ్య తన వాటాది కూతురికి ఇచ్చాడు. ఇక బజారులోకి వదలడానికి ఆఖరి మీటింగ్ ఒక్కటే మిగిలింది. అది రేపనగా పంతులమ్మ ఫోన్ చేసింది.

"వాయిదా వేసింది గుర్తుందా? ఇవాళైనా ఒక్క ఇంటికెళ్ళి చూడండి. ఏమీ అడగొద్దు, ఏమీ చెప్పొద్దు."

సాయంత్రం కూతురింటికి వెళ్ళాడు. కూతురు తలుపు తీస్తూనే, "నాన్నా, నన్ను చూడ్డానికొచ్చావా, నేను నేల తుడుస్తుంటే చూడ్డానికా?" అంది.

"రెండూనమ్మా. నువ్వు నీ పని చూసుకో. నేనిక్కడ లేననుకో."

"నువ్వు లేవనుకుంటే ఈ పాటికి సీరియల్ చూస్తుండేదాన్ని" అని నవ్వుకుంటూ ఆమె బకెట్ అందుకుంది.

ఆయన వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ మధ్యే నడక నేర్చిన మనవరాలు తాతను చూసి కేరింతలు కొట్టింది. దానికి కొత్తగా ఒక ఆట పట్టుబడింది. ఎవరు వచ్చినా సింకు కింద అరలోంచి నీళ్ళ సీసా ఈడ్చుకొచ్చి చేతికివ్వడం, వాళ్ళు తాగేదాకా కదలకుండా నిలబడటం. ఇప్పుడూ అంతే చేసింది. రెండు చేతులా సీసాను గుండెకు హత్తుకుని, పడుతూ లేస్తూ వచ్చి, తాత ఒళ్ళో పడేసింది. "తా" అని హుకుం జారీచేసింది.

మావయ్య తన పద్ధతి తప్పలేదు. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. అద్దంలా తేటగా ఉంది. మూత తీసి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. సీసా అంత కుదిపి తెచ్చినా ఒక్క బుడగ లేదు. దాని ముచ్చట తీరుద్దామని ఓ గుక్క నోట్లో పోసుకున్నాడు.

నాలుక జిగటగా జారింది. మరుక్షణం భగ్గున మండింది. ఆయన కుర్చీ తన్నేసుకుంటూ సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేశాడు. కుళాయి కింద నోరు పెట్టి కడిగాడు, మళ్ళీ కడిగాడు. కూతురు తుడిచే కర్ర అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఏమైంది?"

"ఈ సీసాలో ఏం పోశావమ్మా?"

ఆమె సీసా వైపు చూసింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "పాత సీసా పారేశాం నాన్నా. ప్యాకెట్ ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ మూసుకోదు కదా, ఒలికిపోతుందని ఖాళీ నీళ్ళ సీసాలో పోశా. పక్కకే పెట్టా. అది దాని చేతికి అందుతుందని..." మాట పూర్తిచేయలేక ఆమె పిల్లను ఎత్తుకుని, దాని నోరు తెరిచి చూసి, పెదాలు వాసన చూసి, ఏడ్చేసింది. వాసన చూసి ఏం లాభం? వాసన లేకుండా చేసింది వాళ్ళ నాన్నే.

పిల్ల తాగలేదు. మూత తీయడం దానికి ఇంకా చేతకాలేదు, అంతే. మావయ్య నేల మీదే కూలబడ్డాడు. తను ఎత్తి చూశాడు, వాసన చూశాడు, జీవితమంతా తనను కాపాడుకుంటూ వచ్చిన భయం తన పని తాను చేసింది. అయినా తాగాడు. ఆ భయం కళ్ళు కప్పే వస్తువును ఆయనే స్వయంగా తయారుచేశాడు. ఇది ఎన్ని ఇళ్ళకు వెళ్తుందో తలుచుకుంటే పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్కడినుంచే తొందరకు ఫోన్ చేశాడు. మండుతున్న నాలుకతో అంతా చెప్పాడు.

"మావయ్యగారూ, మీరు ఊరికే కంగారు పడుతున్నారేమో. మీ సంగతి మీకు తెలీనిదా? ఒక్కరికి జరిగితే అది రుజువు కాదు. అయినా ఐడియా మీదే కదా, రేపు అందరి ముందు మీరే కాదంటే ఎలా ఉంటుందో ఆలోచించండి."

మావయ్య ఫోన్ పెట్టేశాడు. ప్యాకెట్ పట్టుకెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఆ క్షణమే ఫోన్ చేయాలనిపించింది. వేలు నంబర్ల మీదికి వెళ్ళి ఆగిపోయింది. మేడమ్‌కు ఫోన్ చేసి ఏమనాలి? మీరు ఫొటో పెట్టి మెచ్చుకున్నది విషం అనాలా? ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, ఏ ఇంట్లో ఏ పిల్ల సీసా ఈడ్చుకొస్తోందోనన్న భయం ఇంకోవైపు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతులో ఇరుక్కున్నాయి. చివరికి కూతురి దగ్గరున్న ఆ సీసానే కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. రేపు మీటింగులో చేత్తో పట్టుకుని చూపిస్తాను, అప్పుడైనా నమ్ముతారు అనుకున్నాడు. ఫోన్ చేయకపోవడం తప్పని ఆయన మనసుకు తెలుసు. అయినా చేయలేకపోయాడు.

మర్నాడు మీటింగు గదిలో పొడుగాటి బల్ల చుట్టూ అందరూ చేరారు. ఒక్కొక్కరి ముందు ఒక నీళ్ళ సీసా, కూతురింటి సీసా లాంటిదే. గదిలో మూలకు కిటికీ, కిటికీ కింద కుండీలో గుబురుగా ఓ మొక్క. దాన్ని చూసుకునేది టీలు అందించే అక్క. బల్ల మీద వస్తువులు వంకరగా ఉంటే ఆవిడకు నిద్రపట్టదు. మావయ్య తన సీసాను ఎదురుగా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఎప్పుడు లేవాలి, మొదటి మాట ఏమనాలి అని మనసులో వల్లె వేసుకుంటున్నాడు.

తొందర తెర మీద బొమ్మలు చూపిస్తూ, "మావయ్యగారూ, కాస్త ఆ కర్టెన్ లాగుతారా? వెలుతురు పడుతోంది" అన్నాడు. చెప్పిన పని చేయడం ఆయన రక్తంలో ఉంది. లేచి వెళ్ళాడు. కర్టెన్ కొక్కెం ఇరుక్కుని ఎంతకీ రాలేదు. ఈలోగా వెనక టీ కప్పుల చప్పుడు, అక్క చెప్పుల చప్పుడు.

తిరిగొచ్చి కూర్చునేసరికి తన ముందు సీసా లేదు. సీసాలన్నీ బల్ల మధ్యలో బారుగా, సైనికుల్లా నిలబడి ఉన్నాయి. కొన్ని నిండుగా, కొన్ని సగం తాగినవి. ఇందులో తనది ఏది? కళ్ళు ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి పరుగెత్తాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎదురుగా మేడమ్ మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక సీసా అందుకుని మూత తిప్పుతోంది.

"తాగకండి!"

ఆ అరుపు తనదేనని ఆయనకే నమ్మకం కలగలేదు. "మేడమ్, తాగకండి! ఎవరూ తాగకండి! ఇందులో ఒకటి మన లిక్విడ్."

మేడమ్ చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏంటిది? ఏది?"

మావయ్య ఒక సీసా ఎత్తి చూశాడు. ఇంకోటి ఎత్తి వాసన చూశాడు. ఆ కంగారులో నీళ్ళు బల్లంతా ఒలికాయి. "తెలీదు మేడమ్. నాకు తెలీటం లేదు."

అప్పటికే సగం సీసా తాగి ఉన్న తొందర రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. "ఇప్పుడే తాగాను... మావయ్యగారూ, నాది నీళ్ళేనా? చెప్పండి, నీళ్ళేనా?" నిన్న ఒక్కరికి జరిగితే రుజువు కాదన్న గొంతు అది.

"అక్కను పిలవండి" అంది మేడమ్.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అందరి మొహాలూ చూసి ఆవిడా బెదిరిపోయింది. "మీరు కుర్చీలో లేరు, ముందు సగం ఖాళీ సీసా ఉంది కదా సార్, నీళ్ళు తాగి వదిలేసి వెళ్ళారనుకున్నా. ఎంగిలి నీళ్ళు ఇంకొకరికి పెట్టలేం కదా. నీళ్ళు పారబోయొద్దని మీరే బోర్డు పెట్టారు. మొక్కకి పోశా."

"అవి నీళ్ళో కాదో చూడలేదా?" తొందర గొంతు కీచుగా వచ్చింది.

"నీళ్ళు కాకపోతే ఇంకేంటి బాబూ?" అంది ఆవిడ.

ఒక్కసారిగా అందరూ ఊపిరి వదిలారు. తొందర కుర్చీలో జారగిలబడి నవ్వాడో ఏడ్చాడో తెలియని చప్పుడు చేశాడు. మేడమ్ పెదవి మీదికి కూడా నవ్వు రాబోయింది. మావయ్య మాత్రం కూర్చోలేదు. నిన్న చెప్పాల్సిన మాట ఇప్పుడు గొంతులోంచి ఊడిపడింది.

"నిన్న నా మనవరాలు నాకు తెచ్చిచ్చింది మేడమ్. తాగాను. చేసినవాణ్ణి నేనే, నాకే తెలీలేదు. ముందు ఇళ్ళకెళ్ళి చూడాల్సింది, చూడలేదు. ఐడియా నాదే, తప్పూ నాదే. నన్నేం చేసినా సరే. కానీ..." ఆయన ఒక్కొక్కరి మొహం వైపూ చూశాడు. "మీరంతా తలా ఒక ప్యాకెట్ పట్టుకెళ్ళారు. మీ ఇళ్ళల్లో దాన్ని దేంట్లో పోశారు?"

రాబోయిన నవ్వు మేడమ్ మొహం మీదే ఆగిపోయింది. బల్ల చుట్టూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరి చేతులూ ఫోన్ల మీదికి వెళ్ళాయి. "ఒసేయ్, పిల్లాడెక్కడ?" అని ఒకరు. "సింకు కింద సీసాలు ముట్టుకోవద్దు, వింటున్నావా" అని ఇంకొకరు. తొందర గోడవైపు తిరిగి, "అమ్మా, అమ్మా, ముందు నా మాట విను" అంటున్నాడు.

మేడమ్ వాళ్ళ అమ్మకు చేసిన ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు. ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ చేసింది. ఫోన్ బల్ల మీద పెట్టేసి స్పీకర్ నొక్కింది. మోగీ మోగీ చివరికి ఒక ముసలి గొంతు పలికింది.

"ఏమిటే, పని మధ్యలో?"

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తాను? దాహమేసి మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకొచ్చా."

మేడమ్ కళ్ళు మూసుకుంది. "తాగావా?"

"ఎక్కడ తాగనిచ్చిందీ! సింకు పక్కనున్న సీసా తీశా. నిన్న పనిమనిషి మీ ప్యాకెట్ ఎక్కడ సర్దిందో గానీ, ఈ నీళ్ళ సీసాకి మీ కంపెనీ మూతే పెట్టింది. నొక్కుతా, తిప్పుతా, రాదే! నువ్వు ఫోన్ చేసేసరికి చాకుతో తీద్దామని చూస్తున్నా. ఎవడు చేశాడే ఈ మూత? వాడి చేతులు పడిపోను."

"అమ్మా, చాకు కింద పెట్టు. ఆ సీసా అలాగే వదిలేసి కుర్చీలో కూర్చో. నేనొచ్చేదాకా ఏమీ తాగకు. వస్తున్నా." మేడమ్ ఫోన్ అందుకుంది. లేచి నిలబడి, బ్యాగు కోసం తడుముకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి మావయ్యను ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఎవరో సీలు తీయని నీళ్ళ సీసా ఒకటి ఆయన ముందుకు జరిపారు. ఆయన మూత తీశాడు. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు, వాసన చూశాడు, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. అది చూసి ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.